పాటల కళ్ళద్దాలు

ఆ రోజుల్లో మా ధర్మవరంలో పట్టపగలు నల్లద్దాలు పెట్టుకుని తిరిగేవాళ్ళు రెండే రకాలు. కంటికి ఆపరేషన్ అయినవాళ్ళు, కండ్లకలక వచ్చినవాళ్ళు. నేను ఈ రెండు రకాల్లోనూ చేరనని ఊరందరికీ చెప్పుకోలేక పడిన అవస్థ ఒకటి. ఆ అద్దాలు మూగబోయాక వాటిని మళ్ళీ పలికించడానికి పడిన అవస్థ ఇంకొకటి. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ సంగతి గుర్తొస్తే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, నవ్వు తర్వాత తీరిగ్గా వస్తుంది.

అప్పుడు నేను డ్రిప్ పైపులు అమ్మే డీలరు దగ్గర కొత్తగా చేరాను. రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. ఒకరోజు బత్తలపల్లి వైపు, ఒకరోజు చెన్నేకొత్తపల్లి మీదుగా పెనుకొండ, వారానికోసారి హిందూపురం. మోటారు బండి మీద ఎండలో పడి తిరగడమే నా ఉద్యోగం. బెంగళూరులో పెద్ద ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసుకునే మా బావ (అక్క మొగుడు) నా అవస్థ చూసి ఒక కళ్ళజోడు ఇచ్చాడు. మామూలు కళ్ళజోడు కాదు. చెవి మీదికి వచ్చే కాడల్లోంచి చిన్న స్పీకర్లు వేలాడేవి. కుడి కాడ మీద మీట నొక్కితే అద్దాలు పాటలు పాడేవి. కాడ అడుగున సన్నటి చిల్లు, అందులో వైరు గుచ్చితే చార్జింగ్. పాటలు బావే ఎక్కించి ఇచ్చాడు, అన్నీ కన్నడ పాటలే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా తల ఊపుతూ వినేవాణ్ణి.

ఊళ్ళలో నాకు దక్కిన మర్యాద మాత్రం చెప్పుకోవాలి. బత్తలపల్లిలో ఒక రైతు నన్ను చూడగానే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "ఏమప్పా, కండ్లకలకా? ఆడే నిలబడి చెప్పు, నాకు ఇనబడతాది" అన్నాడు. "కండ్లకలక కాదన్నా, ఇవి పాటలు పాడే అద్దాలు" అన్నాను. ఆయన ఇంకో రెండడుగులు వెనక్కి వేశాడు. కంటి జబ్బయితే నాలుగు రోజుల్లో తగ్గుతుంది, ఇది తగ్గే రకం కాదని తేల్చుకున్నట్టున్నాడు.

ఈ అద్దాల మీద నాకు అంత మమకారం ఎందుకంటే వాటితో పాటు బావ ఒక ఆశ కూడా పెట్టి పోయాడు. "మా స్టోర్స్‌లో ఒక మనిషి కావల్ల. వస్తువును జాగ్రత్తగా చూసుకునేటోడు కావల్ల. నిన్నే అనుకుంటాండా" అన్నాడు. బెంగళూరు, నీడపట్టున ఫ్యాను కింద ఉద్యోగం. ఇక పైపుల కట్టలు, మట్టి రోడ్లు అన్నిటికీ సెలవే. అందుకే ఆ అద్దాలను పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. రాత్రి మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టేవాణ్ణి, వానొస్తే ముందు వాటిని చొక్కా లోపల దాచి తర్వాత నేను చెట్టు కిందికి పరిగెత్తేవాణ్ణి.

దసరా వచ్చింది. ఆయుధ పూజ నాడు మా అవ్వ ఇంట్లోని పనిముట్లన్నీ దేవుని ముందు పేర్చింది. నాయన మగ్గం మీద వాడే కత్తెర, అమ్మ కత్తిపీట, నా బండి తాళం. నా అద్దాలు కూడా తీసుకుపోయి పెట్టింది. "అవ్వా, అవి ఆయుధాలు కాదు" అంటే, "దినామూ ఏసుకొనే కదరా పనికి పోతాండావు. ఇంగ ఆయుధం అంటే ఏంది?" అని నా నోరు మూయించి, అన్నిటికీ గంధం పూసి, కుంకుమ పెట్టి, పూలు చల్లింది. సాయంత్రం అద్దాలు తీసుకుని, పైన అంటిన బొట్టు శుభ్రంగా తుడిచి పెట్టుకున్నాను. ఒకటి రెండు రోజులు పాడాయి. తర్వాత మీట నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చార్జింగ్ పెడితే లైటు కూడా వెలగలేదు.

ఇంట్లో వెంటనే విచారణ మొదలైంది. విచారణ అనకూడదు, తీర్పే వచ్చేసింది. నాయన "చెమట పోయింటాది లోపలికి" అన్నాడు. అమ్మ "బండి మింద యాన్నో పడేసింటాడు, చెప్తాడా" అంది. నేను పడెయ్యలేదు మొర్రో అంటే వినే నాథుడు లేడు. అక్క చెవిన పడిన మాట బావ చెవిన పడకుండా ఉంటుందా? ఫోన్ చేశాడు. "అద్దాలే కాపాడుకోలేనోన్ని స్టోర్స్‌కి ఎట్ల చెప్పేదబ్బా? సరే, ఉగాదికి వస్తా. అప్పటికి అవి పలికితే అప్పుడు చూస్తాం." నా బెంగళూరు అంతా ఆ మీటలోకి వచ్చి ఇరుక్కుంది.

ముందు అద్దాలు వచ్చిన అట్ట డబ్బా మీదున్న కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకమ్మాయి వచ్చి, "సార్, ఆ మోడల్ మేము ఆపేశాము" అంది. మీరు ఆపేస్తే ఆపేశారు, నా దగ్గరున్నది నేను ఆపలేదు కదమ్మా, దాన్ని బాగు చేయించే దారి చెప్పు అన్నాను. "అది ఇప్పుడు లేదు సార్" అంది. నా చేతిలో ఉన్న వస్తువును పట్టుకుని, అది లేదని నాకే చెబుతోంది. చివర్లో ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది. ఇంకేమైనానట.

ధర్మవరంలోనే అద్దాల షాపాయన దగ్గరికి పోయాను. ఆయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. చదివాను. "చూపు బాగుండాది కదా, ఇంగేం కష్టం?" అన్నాడు. కష్టం నాకు కాదు, అద్దాలకు అన్నాను. కాడల మరలు బిగించి, అద్దం తుడిచి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "కండ్లజోడు బంగారం మాదిరి ఉండాది. పాట సంగతి రేడియో వాళ్ళను అడుగు" అని పంపేశాడు.

పెనుకొండ బస్టాండు దగ్గర రేడియోలు, టీవీలు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. ఆయన అద్దాలు అందుకోవడమే ఆలస్యం, కళ్ళకు పెట్టుకుని, షాపులోని అద్దంలో తన మొహం చూసుకున్నాడు. "వారం టైమియ్యి, పలికిస్తా" అన్నాడు. నమ్మి ఇచ్చాను. ఆ వారం మధ్యలో పైపుల పని మీద పెనుకొండకు పోతే, ఎదురుగా బండి మీద వస్తున్నాడు మహానుభావుడు, నా అద్దాలు పెట్టుకుని. ఆపి నిలదీస్తే మొహంలో రవ్వంత మార్పు లేదు. "టెస్టింగ్‌లో పెట్టినా" అన్నాడు. పాడని అద్దాలకు టెస్టింగ్ ఏమిటని అడిగితే, "ఎండకు ఎట్ల తట్టుకుంటాయో చూడొద్దా?" అని నన్నే తప్పుపట్టాడు. అక్కడే, నడిరోడ్డు మీద, ఆయన మొహం మీద నుంచి నా అద్దాలు లాక్కున్నాను. చూస్తున్నవాళ్ళు నేనే ఆయన సొత్తు కాజేస్తున్నాననుకుని ఉంటారు.

ఇక మిగిలింది హిందూపురం. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడికి ఆ చుట్టుపక్కల గొప్ప పేరు. కంటికి భూతద్దం తగిలించుకుని, అద్దాలను కాడ నుంచి కాడ దాకా పరీక్షించి, చార్జింగ్ చిల్లు దగ్గర ఆగిపోయాడు. వైరు గుచ్చి చూశాడు. సగం దాకా పోయి నిలిచిపోయింది. "లోపల ఎర్రగా ఉండాది, చూసినావా అన్నా?" అన్నాడు. చూశాను. ఎర్రగానే ఉంది. "అది కంపెనీ సీలు. మోడల్ ఆపేసినారంటివి కదా, ఇంగెవరూ విప్పకుండా సీలేసినారు. దాన్ని కెలికితే లోపలి బోర్డంతా పోతాది. నేనైతే ముట్టుకోను. దుడ్లేం వద్దులే, పో" అన్నాడు.

ఆ మాటతో నాకు కంపెనీ మీద పీకల దాకా కోపం వచ్చింది. అమ్మేదాకా అమ్మి, తర్వాత ఎక్కడో కూర్చుని నా అద్దాలకు సీలు వేస్తారా? (ధర్మవరంలో గూట్లో ఉన్న అద్దాలకు వాళ్ళు వచ్చి సీలు ఎలా వేశారన్న అనుమానం నాకు రాలేదు. కోపం వచ్చినప్పుడు అనుమానాలు రావు.) ఆ రోజు నుంచి ఆ సీలు చెదరకుండా చిల్లు మీద కాగితం అతికించి మరీ కాపాడాను. ఉగాదికి బావకు సాక్ష్యం చూపించాలి కదా.

బావ వచ్చాడు. నేను కాగితం పీకి, "చూడు బావా, కంపెనీ సీలు. ఇందులో నా తప్పేమీ లేదు" అన్నాను. ఆయన ఒకసారి మీట నొక్కి, అద్దాలు నా చేతిలో పెట్టి, పండక్కి చేసిన ఓళిగల మీద నెయ్యి వేయించుకున్నాడు. తర్వాత అక్క చెబితే తెలిసింది, స్టోర్స్‌లో ఉద్యోగం బావ తమ్ముడికి అయిందని. నేను రెండు పూటలు అన్నం తినలేదు. ఎవరూ నమ్మకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అద్దాలను దేవుని గూట్లో ఒక మూలకు తోసేసి, మళ్ళీ వాటి మొహం చూడలేదు.

మరుసటి దసరాకు అవ్వ మళ్ళీ అన్నీ బయటికి తీసింది. పాత బొట్టు పూర్తిగా పోతే తప్ప కొత్త బొట్టు పెట్టదు మా అవ్వ. కత్తెర, కత్తిపీట కడిగి, అద్దాలు ఒళ్ళో పెట్టుకుని, గాజులకున్న పిన్నీసు తీసి కాడ కింద ఏదో గీకుతోంది. "ఈ సందులో పోయినేటి గంధం గట్టిపడి పోయిండాది రా" అంది. నేను నిలబడిన చోటే నిలబడిపోయాను. పిన్నీసు మొనకు ఎర్రగా, బిళ్ళకట్టిన గంధం కుంకుమ ఊడి వచ్చింది. హిందూపురం కుర్రాడు ముట్టుకోవడానికి భయపడిన కంపెనీ సీలు అదే.

అద్దాలు లాక్కుని వైరు గుచ్చాను. చివరిదాకా దిగింది. లైటు వెలిగింది. కాసేపయ్యాక మీట నొక్కితే, ఆపిన చోటు నుంచే కన్నడ పాట అందుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఇంటిల్లిపాదినీ పిలిచి వినిపించాను. "అయితే నువ్వు పడెయ్యలేదా?" అంది అమ్మ, అప్పుడే కొత్తగా విన్నట్టు. అవ్వను చూస్తే పైకి ఏమీ అనలేక లోపల ఉడికిపోయాను. "దేవునికి పెట్టిన బొట్టు, దాని వల్ల ఎట్ల చెడిపోతాది? ఏడాది పండుకోనిచ్చినాడు, అంతే" అంది ఆవిడ, ఏ మాత్రం తొణక్కుండా.

వెంటనే బావకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. చెమట కాదు, పడెయ్యలేదు, నా తప్పు ఇసుమంత లేదు, అద్దాలు పాడుతున్నాయి, కావాలంటే విను అని ఫోను దగ్గర పెట్టాను. బావ కాసేపు విని, "ఏ అద్దాలు?" అన్నాడు. నువ్విచ్చినవే బావా అన్నాను. "ఓ, అవా. ఇంగా పెట్టుకున్యావా? పారేసింటావనుకుంటి" అన్నాడు.

ఏడాది పాటు నేను మోసిన నింద ఆయనకు జ్ఞాపకం కూడా లేదు. ఫోన్ పెట్టేసి, ఆ మంటతో వెనక్కి తిరిగితే, అవ్వ అద్దాలను పళ్ళెంలో పెట్టి, శ్రద్ధగా, సరిగ్గా ఆ చిల్లు మీదే, తడి గంధం అద్దుతోంది. ఆపుదామని నోరు తెరిచాను. ఆవిడ పెదవులు మంత్రమేదో చదువుతున్నాయి. నోరు మూసుకున్నాను.

ఇప్పుడు హిందూపురంలో నాకు సొంతంగా పైపుల షాపుంది. అవ్వ లేదు. ఆయుధ పూజ నాడు మా ఆవిడ ఇంట్లోని ఫోన్లన్నిటికీ బొట్టు పెడుతుంటే, చార్జింగ్ చిల్లు మీద బొటనవేలు అదిమి పట్టుకుని పక్కనే కూర్చుంటాను. అద్దాల వంతు వచ్చినప్పుడు మాత్రం పళ్ళెం నా వైపు జరుపుకుంటాను. అవి పాడడం ఎప్పుడో మానేశాయి. గంధం తీసుకుని, అవ్వ అద్దిన చోటే అద్దుతాను. ఆ మోడల్‌ను కంపెనీ ఎప్పుడో ఆపేసింది. మా ఇంట్లో మాత్రం దానికి ఏటేటా కొత్త సీలు పడుతూనే ఉంది.