ఆకుపచ్చ దారం కట్టిన అడాప్టర్

నా కూతురు ఏదైనా అడిగితే నాకు భయం. నేను చెప్పే నిజం సగంలో ఆగిపోతే ఏమవుతుందోనని. దానికి ఆరేళ్లు. నా భయానికీ అంతే.

ప్రొద్దుటూరు జియావుల్లా కువైట్ ఆఫీసుల్లో ఏడేళ్లు ప్రొజెక్టర్లు, తెరలు బిగించి వచ్చిన మనిషి. ఏ ల్యాప్‌టాప్‌కు ఏ తెర తగిలించాలన్నా ఆయన అంగడికే పోవాలి. ఎన్నికలొస్తే రెండు పార్టీలూ ఆయననే పిలిచేవి. అందుకే రెండు సంచులు పెట్టుకున్నాడు. జమ్మలమడుగు నాయకుని ఇంటికి నల్లది, పులివెందుల వైపు అవతలి పార్టీవాళ్ల దగ్గరికి ఖాకీది. ఒకరి తీగ ఇంకొకరి ఇంట్లో కనబడకూడదు. కలిసిపోకుండా ఖాకీ సంచిలోని వాటికి ఆయన భార్య మహబూబ్‌బీ ఆకుపచ్చ దారం కట్టేది.

రెండువేల పద్నాలుగు ఎన్నికల ముందు మాట. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. బిడ్డ పుట్టి మూడు వారాలు, చేతిలో బదిలీ కాగితం. దాన్ని ఆపించుకోవాలని జమ్మలమడుగు నాయకునికి ఊరూరి ఓట్ల వివరాలు స్లైడ్లుగా చేసిచ్చాను. నా ల్యాప్‌టాప్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ ఒక్కటే. ఆ ఇంటి పాత ప్రొజెక్టర్‌కు పదిహేను రంధ్రాల వీజీఏ ఒక్కటే. మధ్యలో అడాప్టర్ లేనిదే బొమ్మ రాదు. జియావుల్లా నల్లసంచిలోది ఆ రోజే చెడిపోయింది. అందరూ పెద్దాయన అనే ఆ నాయకుడు వాచీ చూసుకుంటున్నాడు. జియావుల్లా బయటికెళ్లి, బండి డిక్కీలో ఉన్న ఖాకీ సంచిలోంచి ఒకటి తెచ్చి తగిలించాడు. తెర వెలిగింది. తొందరలో దారం విప్పలేదు.

నెల కిందటే అవతలి పార్టీ నుంచి వచ్చిన ప్రకాశం ఆ దారాన్ని గుర్తుపట్టాడు.

"ఏమప్పా, ఇది వాళ్ల ఆఫీసులో ఉండేది కదా? ఈడ చూసిందంతా ఆడికి మోసకపోతాండావా?"

"అది మోసే కూలోడే మామా, దాచుకునే గోనెసంచి కాదు. నువ్వు ఆడ్నుంచి ఈడికి రాలా? అదీ అట్లే వచ్చింది," అన్నాడు జియావుల్లా.

ఎవరో నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. ప్రకాశం ముఖం నల్లబడింది. పెద్దాయన నా వైపు తిరిగాడు.

"సారూ, నువ్వు సైన్సు సదివినోనివి. దాంట్లో చిప్పు ఉందా, లేదా?"

"ఉందండి. డిజిటల్ సిగ్నల్‌ను మార్చడానికి..."

"ఉందంట!" అని ప్రకాశం అరిచాడు. మార్చడం తప్ప దానికి ఏదీ దాచుకోవడం రాదన్న మాట ఇంకా మిగిలే ఉంది. గట్టిగా అరిచి చెప్పవచ్చు. బదిలీ కాగితం గుర్తొచ్చింది. చెప్పలేదు.

జియావుల్లా కుడిచేతి వేళ్లు గుమ్మంలో పెట్టి తలుపు మూశారు. మూడు విరిగాయి. నా బదిలీ ఆగింది.

ఆరేళ్లు ఆ అంగడి ముందు నుంచి పోలేదు. కరోనాలో ఆన్‌లైన్ క్లాసులకు పెద్ద తెర కావలసివచ్చింది. కొత్త ల్యాప్‌టాప్‌కు సన్నటి సి-టైప్ రంధ్రం తప్ప ఏమీ లేదు. చివరికి వెళ్లాను. ఆయన ఎడమచేత్తో అడాప్టర్ తగిలించి, తెరమీద బొమ్మ వచ్చేదాకా చూశాడు. "అన్ని సి-టైపులూ బొమ్మ మొయ్యవు సారూ. నీదాంట్లో వస్తాంది." వేళ్లతో బిగించాల్సిన వీజీఏ మరలు ఇప్పుడు మహబూబ్‌బీ తిప్పుతోంది. ఆమె నా వైపు తలెత్తలేదు.

"నేను అబద్ధం చెప్పలేదు జియావుల్లా," అన్నాను.

"చెప్పలేదులే. కానీ ఆయప్ప చిప్పు గురించి అడగలేదు సారూ. నేను దొంగనా, కాదా అని అడిగినాడు. ముందు దానికి జవాబు చెప్పాల. సైన్సు యాడికి పోతాది? తర్వాత చెప్పుకోవచ్చు."

ఇంటికొచ్చి తెర తగిలిస్తుంటే నా కూతురు దూరంగా నిలబడింది. "నాన్నా, ఆ వైర్లో కరెంటు ఉందా?"

ఉంది అనబోయి ఆగాను.

"నీకేం కాదమ్మా, పట్టుకో," అన్నాను. అది పట్టుకున్నాక, లోపల కొంచెం కరెంటు ఉంటుందని చెప్పాను.