గొర్రె కొవ్వు, ఉండకూడని మచ్చ

గొర్రె కొవ్వులో ఏ ఫాస్ఫోలిపిడ్లు ఎంతెంత ఉన్నాయో తేల్చడం ఆమె ఉద్యోగం. కొవ్వంటే దాదాపు అంతా నూనే. ఫాస్ఫోలిపిడ్లు కణాల పొరల్లో ఉంటాయి గనుక ఆ నూనె ముందు అవి సముద్రంలో కాకిరెట్ట. ఆ రెట్టనే పట్టి తూచమన్నారు ప్రయోగశాల నడిపే మేడమ్.

చలికాలమంతా ఆమె కొవ్వు నూరింది, ద్రావకాల్లో కరిగించింది, నూనెను వేరు చేసి మిగిలిన చుక్కను గాజు పలక మీద పెట్టి, ఒక్కో రకం ఒక్కో మచ్చగా విడిపోయేదాకా కాపు కాసింది. ప్రతిసారీ అడుగున ఒక మచ్చ తేలేది. ఫాస్ఫోలిపిడ్లు విరిగిపోతే మిగిలే తునక అది. తాజా కొవ్వులో అంత ఉండకూడదు.

"నీకింకా చెయ్యి తిరగలేదమ్మా," అన్నారు మేడమ్.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ద్రావకాలు మార్చింది, గాజు సామానంతా మళ్ళీ తోమింది. మచ్చ వదల్లేదు. ఇంటికొస్తే అత్తగారి పోరు: "ముందా కొవ్వు కంపు కడుక్కో తల్లీ, గిన్నెలు తర్వాత ముట్టుకుందువుగాని."

కొవ్వు ఇచ్చేది మాంసం కొట్టు నడిపే మరిది. ఒకరోజు భోజనాల దగ్గర అతన్ని అడిగింది.

"కోసిన వెంటనే మంచులో పెడుతున్నావు కదా?"

"పెడతాను వదినా, కొట్టు సర్దుకున్నాక."

"అందాకా?"

"బల్ల కింద తొట్టిలో ఉంటుంది. కొవ్వేగా, పారిపోతుందా?"

ఆమె ఎత్తిన ముద్దను కంచంలో పడేసింది. వెచ్చగా ఉంచితే కొవ్వులోని ఎంజైములే ఫాస్ఫోలిపిడ్లను కొరికేస్తాయి. ఇన్నాళ్ళ చాకిరీ బూడిదలో పోసిన పన్నీరు! ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"ఎందుకో ఒక్కసారైనా చెప్పావా? తెమ్మన్నావు, తెచ్చాను," అని అతనూ గొంతు పెంచాడు. అది నిజం కావడంతో ఆమెకు మరింత కడుపు మండింది.

మర్నాడు మంచు పెట్టెతో తనే కొట్టు దగ్గర నిలబడింది. వరుస తప్పించి దూరిందని కొనేవాళ్ళు సణిగారు. కొవ్వు తెగగానే మంచులో కుక్కి, పరుగున ప్రయోగశాలకు వెళ్ళింది. సాయంత్రానికి పలక మీద ఆ మచ్చ బాగా పలచబడింది. పూర్తిగా మాత్రం పోలేదు.

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని చూశారు. "నయమే. అయితే పాతవన్నీ పారేసి మొదట్నుంచి చెయ్యి."

ఆ మాట వస్తుందని తెలిసినా, ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికెళ్ళే దారిలో మరిది కొట్టు దగ్గర ఆగింది.

"రేపట్నుంచి నేనొచ్చేదాకా గొర్రె మీద కత్తి పెట్టకు."

"అలాగే వదినా. కాకపోతే ఇంట్లో అరిచినట్టు గిరాకీల ముందు అరవకు."

"అది మాత్రం చెప్పలేను," అంది.