పాత పనికి నాలుగు లోపాలు

మా వీధి చివర ఇడ్లీ కొట్టాయన ఈమధ్య బోర్డు మార్చాడు. "సరికొత్త రుచి" అని ఎర్రక్షరాలు. పాత రుచికి వచ్చిన లోటేమిటో నాకు తెలియదు. చాలా ఏళ్ళుగా దాని మీదే బతుకుతున్నాను. బోర్డుకి న్యాయం చేయాలని కాబోలు, అల్లం చట్నీలో బెల్లం పెంచేశాడు. ఆ రోజు సగం ఇడ్లీతోనే కాలేజీకి వెళ్ళాను కాబట్టి, ఇక్కడ రాసేదాంట్లో కొంత చిరాకు ఆకలిదని ఒప్పుకుంటాను. మిగతాది కాదు.

రాజమండ్రి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్తాను. మా ల్యాబ్ కంప్యూటర్లకి మెమరీ తక్కువ. బ్రౌజరు తెరిచి పక్కన ఇంకో ప్రోగ్రామ్ నడిపితే ఆగిపోతాయి. పిల్లలు బెల్లు కొట్టినట్టు లేచి క్యాంటీన్‌కి వెళ్ళిపోతారు.

కిందటేడు ఫైనలియర్ అమ్మాయి ఒకతె నా దగ్గర ప్రాజెక్టుకి చేరింది. అంతర్వేది వైపు పిల్ల. వాళ్ళమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. మెమరీ నిండినప్పుడు, వెంటనే పనిలేని సమాచారపు ముక్కలను, మా భాషలో పేజీలను, డిస్కు మీదకి తోసేయకుండా, నొక్కి చిన్నవి చేసి మెమరీలోనే ఒక మూల దాచుకునే పద్ధతి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ముందునుంచీ ఉంది. ఎవరెవరో ఏళ్ళ తరబడి రాసి, అందరికీ ఊరికే ఇచ్చేశారు. ఈ అమ్మాయి ఆ పని మీద ఒక చిన్న చేర్పు చేసింది. ఫొటోల్లాంటివి ముందే నొక్కేసి ఉంటాయి. వాటిని మళ్ళీ నొక్కబోయి యంత్రం ఊరికే ఆయాసపడుతుంది.

"ఎండిన చేపని మళ్ళీ ఎండేస్తామా అండి?" అంది.

పేజీని అక్కడక్కడా తడిమి చూసి, నొక్కినా తగ్గేలా లేకపోతే ముట్టుకోకుండా వదిలేసే కొద్ది వరుసల కోడ్ అది. ఆ పాత పద్ధతీ ఈ చేర్పూ కలిపి పెట్టాక మా కంప్యూటర్లు ఆగడం తగ్గింది. క్యాంటీన్ వ్యాపారం దెబ్బతింది. "ఎక్కువ పుణ్యం పాతదానిదేనండి, నాది చిటికెడు" అని తనే చెప్పింది. మూలం రాసినవాళ్ళకి మెయిల్ పెడితే, ఒకాయన మర్యాదగా జవాబిచ్చాడు: కొలతలు పంపమ్మా, రిపోర్టు ఉంటే అదీ పంపు.

ఆ రిపోర్టు దగ్గరే వచ్చింది చిక్కు. మా దగ్గర దానికొక ఆచారం ఉంది. "ఎగ్జిస్టింగ్ సిస్టమ్" అని ఒక అధ్యాయం, దాని కింద లోపాలు, నాలుగుకి తగ్గకుండా. తర్వాత "ప్రపోజ్డ్ సిస్టమ్", దాని సుగుణాలు. ముఖం చూసి హాజరు వేసే ప్రాజెక్టు మాకు ఏటా వస్తుంది. ఏటా కిందటేటిదే పాత సిస్టమ్. ఏటా దానికి అవే నాలుగు లోపాలు: నిదానం, భద్రత లేదు, ఖర్చెక్కువ, వాడటం కష్టం. ఊళ్ళో ప్రాజెక్టు సెంటర్లో కొన్నదాన్నే తిట్టి, దాన్నే ప్రతిపాదిస్తారు. ఏటా "ఎక్సలెంట్" వస్తుంది.

ఈ అమ్మాయి లోపాల పేజీలో మూడే వాక్యాలు రాసింది: ఇది మంచి పని. రాసినవారికి కృతజ్ఞతలు. ఒక్కచోట చిన్న చేర్పు చేశాం.

వైవాకి ముందురోజు మా హెచ్‌ఓడీ గారు ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

"లోపాలేవమ్మా?"

"పెద్దగా లేవండి."

"లేకపోతే ఇంక నువ్వెందుకమ్మా?"

"చిన్నదొకటుందండి. అదే చేశాను."

"నాలుగుండాలి. నిదానం అని రాయి, భద్రత లేదని రాయి."

"అబద్ధం కదండీ. ఈ రిపోర్టు వాళ్ళకే పంపాలి. వాళ్ళు చదువుతారు."

"చదవడమేంటమ్మా? మన రిపోర్టులు మనమే చదవం!" ఆయన నా వైపు తిరిగారు. "మాస్టారూ, గైడు మీరే కదండీ. సాయంత్రానికి నాలుగు లోపాలు పడాలి. లేదంటే ఈ అమ్మాయి వైవాకి రాదు. ఆర్నెల్లాగి సప్లిమెంటరీలో చూసుకుందాం."

నేను చాలా దృఢంగా "అలాగేనండి" అన్నాను.

ల్యాబ్‌కి వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు కష్టపడి చేసి ఊరికే ఇచ్చినదాన్ని వాడుకుంటూ వాళ్ళనే తిట్టాలా అన్నాను. కొన్న సరుక్కి ఎక్సలెంటూ, చేసిన పనికి సప్లిమెంటరీయా అన్నాను. ఇది చదువా అన్నాను. ఆ అమ్మాయి కీబోర్డు ముట్టుకోనంది. అందుకని ఇవన్నీ అంటూ ఆ నాలుగు లోపాలూ నేనే టైపు చేశాను. ఆమె మూడు వాక్యాలూ నేనే తీసేశాను. ప్రింటు తీసి, ఇంకా అంటూనే, గైడ్ అన్నచోట సంతకం పెట్టాను.

ఆమె ఆ కాగితం నిదానంగా చదివి, ఫైల్లో పెట్టుకుంది.

"ఇదంతా నాతో కాదండి, ఆయన గదిలో అనాల్సింది."