హుసేన్‌బీ బావి కింద నుంచి పోయే గీత

ఒక మ్యాపు చూసి బయలుదేరాను. బేతంచెర్ల దగ్గర ఒక పల్లె పొలాల్లో ఒక కంపెనీ షేల్ గ్యాస్ బోర్లు వేయాలనుకుంటోంది. షేల్ అంటే పలకలుగా విడిపోయే మట్టిరాయి. గ్యాస్ అందులోనే ఇరుక్కుని ఉంటుంది. ఒకే చోట ఆరు బోర్లు నిలువుగా దించి, కిలోమీటరుకు పైగా లోతుకు వెళ్ళాక ఒక్కొక్కదాన్ని ఒక్కో వైపు అడ్డంగా తిప్పుతారు. తరువాత ఇసుక కలిపిన నీటిని గట్టి ఒత్తిడితో పంపి రాయిని పగలగొడతారు. మ్యాపులో ఒక చుక్క, దాని నుంచి ఆరు గీతలు. చుక్క పడిన చేను ఎవరిదో రాసి ఉంది. గీతల మీద ఉన్న చేలు ఎవరివో రాయలేదు. అందులో ఒక గీత వెంట నేల మీద నడవాలనిపించింది.

కర్నూలులో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ వేళకు బేతంచెర్లలో ఉంటారు. టికెట్టు వంద రూపాయల లోపే. ఉగ్గాని, బజ్జి తిని, పోనూ రానూ ఆరువందలకు ఆటో మాట్లాడుకున్నాను. బండల లారీల వెనక తెల్లటి దుమ్ములో పోతుంటే ఆటో నడిపే ఖాజా అడిగాడు. "గ్యాసు కాడికేనా అన్నా? కంపెనీ జీపు గూడా దినామూ ఆడికే పోతాంది. హుసేన్‌బీ చిన్నమ్మ మాట్లాడినాక పోయినదానికన్నా స్పీడుగా తిరిగొస్తాంది."

చుక్క పడిన చేను రామిరెడ్డిది. చేలో ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి. "మూడెకరాలు కౌలుకిస్తానని మాటిచ్చినా. సంతకం ఇంగా పెట్టలే" అంటూ ఆయన కూడా నాతో నడిచాడు. వెనకే ఖాజా వచ్చాడు. గీత ఆయన గట్టు దాటగానే హుసేన్‌బీ ఉల్లి చేలోకి, అక్కడి నుంచి సరిగ్గా ఆమె బావి మీదకు వెళ్ళింది. రెండెకరాలకూ ఆ బావే ఆధారం. అది ఎండితే ఆమెకు సేద్యం లేదు. కంపెనీ ఆఫీసరు అప్పటికే గట్టు మీద నిలబడి ఉన్నాడు.

"మా బోరు మీ బావికి చాలా కింద వెళ్తుందమ్మా. చుట్టూ ఇనుప గొట్టం, సిమెంటు ఉంటాయి. మీ నీళ్ళకు ఏమీ కాదు" అన్నాడతను.

కాకపోవచ్చు. ఆ సిమెంటు ఎన్నేళ్ళు నిలుస్తుందని నేను అడిగితే వివరాలు పంపుతానన్నాడు. రాయి పగలగొట్టడానికి నీళ్ళు ఎక్కడివని అడిగితే ఇంకా తేల్చలేదన్నాడు. ఈ రెండూ ఇక్కడ చిన్న ప్రశ్నలు కావు.

హుసేన్‌బీ కలుపు తీయడం ఆపకుండానే మాట్లాడింది. "మేమూ అడ్డబోర్లు వేస్తామప్పా, బావిలోకి దిగి నీళ్ళ కోసరం పక్కలకు. పక్కోళ్ళ చేని కిందికి పోవాలంటే ఆ పక్కోళ్ళను పిలుస్తాం. బోరు యాడిదాకా పోతాదో పైన ఆడ వాళ్ళే రాయి పెట్టాల. పెట్టకుంటే మిషను ఆ పక్కకు తిరగదు."

"చట్టప్రకారం కింద ఉన్న గ్యాసు ప్రభుత్వానిదమ్మా" అన్నాడు ఆఫీసరు.

"సర్కారుదే, నేను కాదన్లే. బావి నాది. నేను రాయి పెట్టను."

తరువాత ఆమె రామిరెడ్డి వైపు తిరిగింది. "అన్నా, నీ అడ్డబోరు నా చేని కిందికి వస్తే రాయి పెట్టింది ఎవురు?"

"నువ్వే."

"మరి ఈ తూరి నన్ను పిలవకపోతివే?"

"ఇది కంపెనీ బోరు గదా అనుకుంటి" అన్నాడు రామిరెడ్డి.

"కంపెనీదైతే నా చేని మింద ఎగిరి పోతాదా?"

ఖాజా నవ్వాడు. రామిరెడ్డి నవ్వలేదు. తన చేలోకి నడిచి మొదటి ఎర్ర జెండా పీకాడు. "సార్, గీత కిందుండే చేలోళ్ళందరూ వచ్చి రాళ్ళు పెట్టనీ. ఆ పొద్దు సంతకం పెడతా" అన్నాడు ఆఫీసరుతో. రెండో జెండా పీకడానికి హుసేన్‌బీ కూడా గట్టు దాటి వచ్చింది.

కంపెనీ చుక్కను మరో చేలోకి జరపవచ్చు. పై నుంచి ఉత్తర్వు తేవచ్చు. ఈ ఇద్దరూ గెలిచారని నేను రాయను. రామిరెడ్డికి రావలసిన కౌలు ఆగిపోయింది, అదీ నిజమే. కానీ నేల కింద కిలోమీటర్ల కొద్దీ పోదలచినవాళ్ళు నేల మీద పది అడుగులు నడిచి ఒక మనిషిని అడగలేకపోయారు. అడగనిదే కుదరదని ఆ చేలో ఇద్దరు తేల్చి చెప్పారు. మీరు వెళ్తే ఆటోను తిరుగు ప్రయాణానికి కూడా ముందే మాట్లాడుకోండి. ఆ పల్లెలో మధ్యాహ్నం తరువాత బండ్లు దొరకవు.