కుర్చీ మాస్టారు

మా కుర్చీ మాస్టారికి ఒకే ఒక్క పిచ్చి. మనిషి కనబడితే చాలు, కుర్చీలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, కారు నడిపిస్తాడు. కారుండదు. చేతిలో స్టీలు పళ్లెం పెడతాడు, అదే స్టీరింగు. రేసు ట్రాకంతా మనసులోనే చుట్టి రావాలి. ట్రాకు మీద నూట రెండు సెకన్లు పట్టే చుట్టుకు బుర్రలోనూ అంతే పట్టాలి. పక్కన ఆయన స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడతాడు. రేసు డ్రైవర్ల మనసుకు తర్ఫీదు ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఆ ఉద్యోగం ఊడింది నావల్లే.

నేనంటే ఎవరనుకున్నారు? నేను చదువు మానేశాక మా కాలేజీ మళ్లీ కోలుకోలేదు. వానలో రేసుకు దిగితే నా అద్దం తుడవాల్సిన పనే ఉండేది కాదు, చినుకులు నన్ను అందుకోలేకపోయేవి. అలాంటి నాకు పళ్లెం తిప్పే పాఠాలు!

ఆయన సెలూన్లోనూ వదిలేవాడు కాదు. ఓసారి మనసులో ఎడమ మలుపు రాగానే తల ఎడమకు వాల్చాడు. సగం మీసం ఎగిరిపోయింది.

“కదలకండి సార్!” అని సెలూనతను మొత్తుకున్నాడు.

“నీ తప్పు కాదులేవోయ్. బ్రేకు నేనే ఆలస్యంగా వేశాను.”

ఇంట్లోనూ ఇదే గోల. “ఏవండీ, పాలు పొంగుతున్నాయి!” అని వాళ్లావిడ అరిస్తే, “ఆఖరి మలుపులో ఉన్నానే, అడ్డం రాకు!” అనేవాడు.

ఓ రేసులో, ఏడో మలుపు దగ్గర నా కారు గోడను గుద్ది మూడు పల్టీలు కొట్టింది. పదకొండని నేను చెప్పుకుంటాను. కాలి కట్టు విప్పాక టీము ఓనరు తేల్చేశాడు: “కుర్చీ పరీక్ష పాసైతే సీటు నీది. లేదా మా బావమరిదికి.”

ఓనరు ముందే కళ్లు మూసుకుని పళ్లెం తిప్పాను. “అయిపోయింది!” అన్నాను. తొంభై ఆరు సెకన్లు!

“చూశారా, కుర్చీలో కూడా రికార్డే!”

మాస్టారు వాచీ వంక చాలాసేపు చూశాడు. దాన్ని అరచేతిలో రెండుసార్లు తట్టాడు.

“వాచీ పాడైంది. పరీక్ష చెల్లదు.”

“ఇంకోటి తెప్పిస్తా,” అన్నాడు ఓనరు.

“వద్దు. మూడు నెలలు ఆగాలి. అప్పటిదాకా నేను సంతకం పెట్టను.”

“రేసు వచ్చే వారమయ్యా! వాచీనే చూసుకోలేనివాడివి, మనుషుల్నేం చూసుకుంటావ్? ఫో!”

ఆయన పోయాడు. నా సీటూ పోయింది. ఐదేళ్లపాటు ప్రతి గ్యారేజీలో ఆయన్ని దుమ్మెత్తిపోశాను. ఏ టీమూ ఆయన్ని పిలవకుండా చేశాను. ఇప్పుడు నేను కాంక్రీటు కలిపే లారీ నడుపుతాను. వెనక డ్రమ్ము తిరుగుతూనే ఉంటుంది, గడ్డకట్టింది నేనే.

మొన్న మా టీము పాత మెకానిక్కు కనబడ్డాడు. మామూలుగానే మాస్టార్ని తిట్టడం మొదలుపెట్టాను.

“ఆపరా బాబూ! వాచీ భేషుగ్గా ఉంది. ఆ పొద్దున్నే నేను కొత్త బ్యాటరీ వేశాను.”

లెక్క అప్పుడు తట్టింది. తగ్గింది ఆరు సెకన్లు. ఏడో మలుపుకు పట్టేదీ సరిగ్గా ఆరే. కళ్లు మూసుకుని కూడా నేను ఆ మలుపులోకి వెళ్లలేదు. ఆరో మలుపు నుంచి ఎనిమిదో మలుపుకు గెంతేశాను.

నేరుగా మాస్టారింటికి వెళ్లాను. “భయపడుతున్నావురా అని అప్పుడే చెప్పొచ్చుగా మాస్టారూ?”

“చెబితే ‘భయమా, నాకా?’ అంటూ ఆ పూటే కారెక్కేవాడివి. ఆ గోడకే పోయి గుద్దేవాడివి.”

“మరి ఐదేళ్లు తిట్టానే?”

“కాస్త మెల్లగా తిట్టాల్సిందిరా. మా ఆవిడ చెవిన పడేది.”

మర్నాడే ఓనరు దగ్గరికెళ్లి మొత్తం కక్కేశాను. ఆయన నా మొహంలోకి తేరిపార చూశాడు.

“రేపట్నుంచి మాస్టార్ని రమ్మను.”

“నమ్మారా సార్?”

“నమ్మక చస్తానా? ఇన్నేళ్లలో నువ్వు హీరోవి కాని కథ ఇదొక్కటే. నీ సొంత కల్పన అయ్యే ఛాన్సే లేదు!”