ఎర్రరంగుకి పీతలు

నిన్న మా మేనకోడలు గుడివాడ వచ్చి, వసారాలో కూర్చుని ఫోనుతో ఇంగ్లీషు మాట్లాడుతోంది. ఫోను అడుగుతుంది, ఇది జవాబు చెబుతుంది, ఫోను మెచ్చుకుంటుంది. అరగంట సేపు చెవి ఒగ్గి విన్నాను. ఒక్కసారి కూడా ఆ ఫోను కాదనలేదు. "ఇంత మంచివాడితో ఎన్నాళ్ళు మాట్లాడతావే, విసుగెయ్యదూ?" అన్నాను. "మీ క్లాసులో ఏం చేసేవారేంటి మావయ్యా?" అంది. "అబద్ధాలు చెప్పేవాణ్ణి" అన్నాను. నవ్వేసింది. నేను నిజం చెప్పినప్పుడల్లా ఇదే తంతు.

బందరులో ఓ మేడమీద గదిలో పెద్దవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి, కొన్నేళ్ళ కిందటి మాట. మొదట్లో పద్ధతిగానే మొదలెట్టాను. వ్యాకరణం పుస్తకం, గోడకి యాపిల్ పండు బొమ్మ, పాత క్యాలెండర్లు కత్తిరించి మాటలు రాసిన అట్టముక్కలు. అందరూ బుద్ధిగా రాసుకునేవారు, ఎవరూ నోరు విప్పేవారు కాదు. అసలు మనిషి నోరు ఎప్పుడు ఆగకుండా ఉంటుందా అని ఆలోచనలో పడ్డాను. మా ఇంట్లో అయితే నేను కోతలు మొదలెట్టగానే మా ఆవిడకి ఎక్కడలేని మాటలూ వచ్చేస్తాయి. ఇంకేం, పాఠం దొరికింది. నేను ఒక అబద్ధం చెబుతాను. వాళ్ళు కాదనాలి, అదీ ఇంగ్లీషులోనే. ఎవరూ కాదనకపోతే అది నిజం కింద బోర్డుకెక్కుతుంది. ముదినేపల్లి చెరువులో ఓ బొచ్చె చేప నా లుంగీ కట్టుకుని కైకలూరు బస్సెక్కిందని మొదటిరోజు చెప్పాను. ఎరువుల కొట్టాయన లేచి "నో సార్, ఫిష్ నో నడుము సార్" అన్నాడు. నడుముని ఇంగ్లీషులో ఏమంటారో ఆ పూట అందరికీ వచ్చింది, ఇప్పటికీ ఎవరూ మరిచిపోయి ఉండరు.

ఆ క్లాసులో వెనక బల్ల మీద ఒక ముస్లిం అక్కగారు కూర్చునేవారు, అందరం ఆపా అనేవాళ్ళం. యాభై దాటిన మనిషి. పెడన దారిలో చిన్న షెడ్డు, కలంకారీ అద్దకం, తండ్రి చేతి చెక్క అచ్చులు. బట్ట కొనడానికి విదేశం నుంచి ఒక మేడమ్ నెలాఖరుకి రాబోతోంది. పోయినసారి ఆవిడ వచ్చినప్పుడు ఆపా తరఫున ఒక మధ్యవర్తి మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఏమో, ఆర్డరు మాత్రం తనకి కావలసినవాళ్ళ స్క్రీన్ ప్రింటు షెడ్డుకి వెళ్ళిపోయింది. ఈసారీ అలాగే అయితే అచ్చులు అటకెక్కించడమే. "నా బట్ట గురించి నేనే చెప్పుకోవాలి మాస్టారూ. కాకపోతే నాకు వయసు దాటిపోయిందేమోనండి" అన్నారు, చేరిన రోజే. ఆ తర్వాత మూడు వారాలు నోట మాట లేదు. దివిసీమ దోమలు దొంగల్ని పట్టిస్తాయన్నాను, మా కృష్ణాజిల్లా శ్రీకాకుళం రేవులో కృష్ణ వెనక్కి పారుతుండగా చూశానన్నాను. తల వంచుకుని నవ్వేవారు, అంతే.

ఒకరోజు ఇంకేమీ తోచక, కలంకారీలో ఆ ఎరుపు మంగినపూడి బీచిలో పీతల్ని ఉడకబెట్టి తీస్తారని చెప్పి బోర్డు వైపు తిరిగాను. వెనక బల్ల కిర్రుమంది.

"పీతలేంటండీ మాస్టారూ. మా నాన్న వింటే మిమ్మల్ని రంగు కాగులో వేసేవారు."

"ఇంగ్లీషులో అనండి ఆపా."

ఆవిడ కాసేపు నన్ను తినేసేలా చూసి, "మై ఫాదర్... యూ... బాయిల్" అన్నారు. క్లాసంతా చప్పట్లు. ఆ ఊపులోనే పటికా, ఎరుపునిచ్చే వేరూ, కాలవ నీళ్ళూ అన్నీ చెప్పేశారు. సగం ఇంగ్లీషు, సగం చేతులు.

మేడమ్ వచ్చిన రోజు తోడుగా నన్నూ రమ్మన్నారు. మేడమ్ వెంట ఆ మధ్యవర్తీ దిగాడు. ఆపా ఇరవై వాక్యాలు బట్టీపట్టి ఉన్నారు. మేడమ్ ఎర్రబట్ట మీద చెయ్యివేసి, ఈ రంగు ఎలా వచ్చిందని అడిగింది. ఇరవైలో ఒక్కటీ బయటికి రాలేదు. ఆపా వేళ్ళు బట్ట మడతని పదేపదే సవరిస్తున్నాయి. మధ్యవర్తి గొంతు సవరించుకుని ఒక అడుగు ముందుకేశాడు. అప్పుడు ఆపా నా వైపు తిరిగి, మెల్లిగా తెలుగులో, "మాస్టారూ, ఒక అబద్ధం చెప్పండి" అన్నారు.

నేను గంభీరంగా మంచి ఇంగ్లీషులో, ఇది పీతల రంగని మేడమ్‌కి విన్నవించాను.

"నో మేడమ్. హీ లయర్" అన్నారు ఆపా. ఇక ఆగలేదు. కరక్కాయ చేతిలో పెట్టి వాసన చూపించారు, అచ్చు పట్టించారు, కాగు దగ్గరికి తీసుకెళ్ళారు, అక్కణ్ణుంచి కాలవగట్టుకి. అరగంట మాట్లాడారు. ఆ ఇంగ్లీషులో క్రియాపదాలు తక్కువ గాని, మిగతా ఏదీ తక్కువ కాలేదు. మధ్యవర్తి ఇంగ్లీషు మాత్రం ఆయన నోట్లోనే ఉండిపోయింది. ఆర్డరు అక్కడే ఖాయం చేసింది మేడమ్. టీ తాగేటప్పుడు నాకు కాస్త దూరంగా నిలబడింది. ఎక్కడో ఒక దేశంలో నేను అబద్ధాలకోరుగా చలామణీ అవుతున్నాను. అన్యాయమనడానికి లేదు.

ఇదంతా విని మా మేనకోడలు, "ఇదీ కోతేనా మావయ్యా?" అంది. "కాదను, ఇంగ్లీషులో" అన్నాను. ఫోను పక్కన పెట్టి గొంతు సవరించుకుంది.

కాలం కూడా నాలాంటి మాస్టారే అనిపిస్తుంది నాకు. నీకు వయసు దాటిపోయిందని తాపీగా బోర్డు మీద రాస్తూ ఉంటుంది, వెనక బల్ల ఎప్పుడు కిర్రుమంటుందా అని ఓ చెవి అటే వేసి.