కంచం ముందు నుంచి లేచిపోయిన తమ్ముడు

ఈరోజు మధ్యాహ్నం పక్క ఊరు మార్కమ్ నుంచి మా తమ్ముడు భోజనానికొచ్చాడు. టీవీలో అమెరికా నాయకుడెవరిదో లంచాల గొడవ. మావారి చానెల్లో ఆయన దొంగ, తమ్ముడు మార్చిన చానెల్లో అమాయకుడు. నాకు ఇంగ్లీషు రాదు, బొమ్మలే చూస్తా. ఒకదాంట్లో మొహం చిట్లించుకున్నాడు, ఇంకోదాంట్లో నవ్వుతున్నాడు. ఇద్దరు మనుషులనుకున్నా.

"ఇద్దర్లో దొంగ ఎవడ్రా?" అన్నా.

"ఒక్కడేనక్కా! బావ చూసేవన్నీ అబద్ధాలు."

"నీ బుర్రే అమ్ముడుపోయింది," అన్నారు మావారు.

అంతే, వడ్డించిన అన్నం వదిలేసి వాడు వెళ్లిపోయాడు. నేను అడక్కపోయినా బాగుండేది. బయట మంచు పడుతోంది, ఫోన్ ఎత్తట్లేదు. ఈ పరాయి దేశంలో నా పుట్టింటివాడు వాడొక్కడే. మావారు ఇంకా ఆ చానెలే చూస్తున్నారు. మీ ఇళ్లల్లో ఇలాంటప్పుడు టీవీ ఎవరు కట్టేస్తారమ్మా?